తలుపు ఎలా తెరుచుకోవాలో ఆలోచించే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఇంజినీరింగ్ వద్దు, వీడియో గేములు తయారు చేస్తానంటోంది. రాత్రిళ్లు ‘రెసిడెంట్ ఈవిల్ 7’ అనే భయానకమైన ఆట ఆడుతోంది. కోప్పడితే ‘ఇదీ చదువే నాన్నా’ అంటోంది. ఇది చదువా? దీన్ని నమ్ముకుంటే బతుకుతెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: అది చదువో కాలక్షేపమో మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. ముందు ఆ ఆట సంగతి కొంత తెలుసుకోండి.

జపాన్‌లోని ఒసాకాకు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1996లో మొదటి రెసిడెంట్ ఈవిల్‌ను తెచ్చింది. పెద్ద బంగళా, లెక్కపెట్టుకుని వాడాల్సిన తూటాలు, తలుపు వెనక ఏముందోనన్న గుబులు. గది మారినప్పుడల్లా తెర నల్లబడి, ఒక తలుపు మెల్లగా తెరుచుకునేది. నిజానికి డిస్కు నుంచి తర్వాతి గది లోడ్ కావడానికి యంత్రానికి ఆ కాస్త వ్యవధి కావాలి. ఆ ఎదురుచూపునే భయంగా మలిచారు. 2012లో ఆరో భాగం వచ్చేసరికి కథ అమెరికా, తూర్పు ఐరోపా, చైనా దాకా పాకింది. ఎటు చూసినా పేలుళ్లు, పోరాటాలు. బాగానే అమ్ముడుపోయింది కానీ, భయం ఎటు పోయిందని విమర్శకులు, పాత అభిమానులు గట్టిగానే అడిగారు.

దానికి సమాధానంగా 2017 జనవరిలో ఏడో భాగం వచ్చింది. దర్శకుడు కోషి నకానిషి బృందం ప్రపంచయాత్ర మానేసి, అమెరికాలోని లూసియానాలో ఒక కుటుంబం ఉండే పాత ఇంటికి కథను కుదించింది. కనిపించకుండా పోయిన భార్యను వెతుక్కుంటూ వచ్చిన ఈథన్ అనే మామూలు మనిషే కథానాయకుడు. అంతవరకూ ప్రధాన భాగాల్లో నాయకుణ్ని బయటి నుంచి చూసిన మనం ఇక్కడ అతని కళ్లతోనే చూస్తాం. వీపు వెనక చప్పుడైతే తిరిగి చూడక తప్పదు. తలుపు కూడా ఒక్కసారిగా తెరుచుకోదు. కాస్త తెరుచుకుని ఆగుతుంది, మిగతాది మనమే నెట్టుకుంటూ వెళ్లాలి. ఆ రెండు క్షణాల్లో గుండె గొంతులోకి వస్తుంది.

వాళ్లు వదలకుండా దాచుకున్నదాన్ని కూడా చూడండి. 1996 బంగళాలో గోడకున్న తుపాకీ తీసుకుని బయల్దేరితే పక్క గది పైకప్పు నెత్తి మీదికి దిగేది. దాని స్థానంలో విరిగిన తుపాకీ పెట్టడమే విరుగుడు. ఏడో భాగంలో ఒక విగ్రహం చేతిలో తుపాకీ ఉంటుంది. తీస్తే తలుపు మూసుకుపోతుంది. ఇక్కడా విరిగిన తుపాకీయే విరుగుడు! కెమెరాను, నాయకుణ్ని, ఊరిని మార్చేసినవాళ్లు దీన్ని మాత్రం ఉంచారు. ఏది తీసేయాలి, ఏది ముట్టుకోకూడదు అన్న ఈ వివేచనకే గేమ్ డిజైనర్‌కు జీతం ఇస్తారు.

ఇప్పుడు మీ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగండి: ‘ఆ ఇంట్లో నిన్ను ఎక్కువగా భయపెట్టిన గది ఏది, ఎందుకు?’ ‘చాలా బాగుంటుంది నాన్నా’ అని ఊరుకుంటే, ప్రస్తుతానికి ఆడటమే ఇష్టం అనుకోండి. దీపం ఎక్కడ పెట్టారో, చప్పుడు ఎప్పుడు ఆపారో, తూటాలు ఎన్ని మిగిల్చారో చెప్పడం మొదలుపెడితే కూర్చుని పూర్తిగా వినండి. ఆమె నిజంగానే చదువుతోంది.

ఐరోపాలో ఈ ఆటకు 18 ఏళ్ల పరిమితి ఉంది. అంతవరకు ఆగమనడం, పరీక్షల ముందు రాత్రి నిద్ర పాడుచేసుకోవద్దనడం తండ్రిగా మీ బాధ్యత. ఆ మాట గట్టిగానే చెప్పండి. కానీ ఆ కోపంతో ఆమె భవిష్యత్తును నిర్ణయించకండి.

ఇక బతుకుతెరువు. ఇలాంటి ఆటకు ప్రోగ్రామర్లు, త్రీడీ చిత్రకారులు, శబ్ద నిపుణులు, రచయితలు, తప్పులు పట్టే పరీక్షకులు అందరూ కావాలి. మన దేశంలో చాలామంది విదేశీ ఆటల చిత్రాల పని, పరీక్షల పనితోనే మొదలుపెడతారు. సొంత ఊహతో ఆట తయారు చేసే అవకాశం రావడానికి ఓపిక పట్టాలి. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే తెలియాలి. డిజైన్ వైపు మొగ్గు ఉంటే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయించండి. దాని ద్వారా ఐఐటీ హైదరాబాద్ సహా కొన్ని సంస్థల్లో బీడిజైన్ (బ్యాచిలర్ ఆఫ్ డిజైన్) చేయవచ్చు. డిగ్రీ తర్వాత బెంగళూరులోని ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో పీజీ ఉంది. లెక్కలు, కోడింగ్ ఇష్టమైతే కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసి కూడా ఇదే రంగంలోకి వెళ్లవచ్చు. కాబట్టి ‘ఇంజినీరింగా, గేములా’ అన్న తగవు మీ ఇంట్లో అవసరం లేదు.

పరీక్షలు కాగానే ఆమెకు రెండు నెలలు ఇవ్వండి. ఆటలు తయారు చేసే గొడో, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. ఒక గది, ఒక తలుపు, ఒక తాళంచెవి, ఇంతే ఉన్న చిన్న ఆట చేయమనండి. అది పూర్తయ్యాక మొదటిసారి మీరే ఆడండి. ఆమెను మీ వెనక కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా చెప్పకుండా, మీరు ఎక్కడ ఆగారో, ఎక్కడ విసుక్కున్నారో పుస్తకంలో రాసుకోమనండి.