మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రాలో (ఇరాక్) పోయిన ముత్తాత పేరు: జిల్లా మార్చి వెతకండి

బస్రాలో చనిపోయిన మీ ముత్తాత పేరు సైన్యం రికార్డుల్లో ఎంత వెతికినా దొరకలేదన్నారు. "తిరుపతి, చిత్తూరు జిల్లా" అని వెతకడం వల్లే మీకు ఏమీ రాలేదనిపిస్తోంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు సైన్యంలో చేరినవాళ్ల ఊరు "నార్త్ ఆర్కాట్" కింద ఉండొచ్చు. మదనపల్లె వైపైతే కడప.

1. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల వివరాలు ఉంచే సంస్థ) సైటులో ఇంటిపేరు వదిలేసి, ఉత్త పేరుతో వెతకండి. మునిస్వామి అయితే "మునుసామి", "మునిసామి" స్పెల్లింగులూ చూడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ప్రతి పేరూ తెరిచి అదనపు సమాచారం చదవండి. చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు అక్కడే ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తండ్రి పేరు ముందే రాసుకోండి.

బస్రా స్మారకం (అక్కడి యుద్ధంలో చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టింది) ఫోటోల్లో మాత్రం వెతకొద్దు. మన సిపాయిల పేర్లు ఆ గోడల మీద చెక్కలేదు, తలచుకుంటే బాధేస్తుంది.

చనిపోయిన తేదీ దొరికితే పంతులుగారిని తిథి అడగండి. కపిలతీర్థంలో తర్పణం వదలొచ్చు.