'కోటి'కి దీర్ఘం ఎందుకు?

సందేహం: మా అబ్బాయి 1,23,45,679ని 'ఒక కోటి, ఇరవై మూడు లక్షలు, నలభై ఐదు వేలు, ఆరు వందలు, డెబ్భై తొమ్మిది' అని చదివితే, మా నాన్నగారు 'కోటీ ఇరవై మూడు లక్షల...' అని దిద్దారు. ఎవరిది ఒప్పు? 'ఈ సంఖ్య 37తో భాగించబడుతుంది' అనవచ్చా?

సమాధానం: మీ నాన్నగారిదే ఒప్పు. 'కోటీ ఇరవై మూడు లక్షల నలభై ఐదు వేల ఆరు వందల డెబ్భై తొమ్మిది' అని ఒక్క ఊపున చదవాలి. మీవాడు చదివింది అర్థం కాకపోదు గాని, వింటే కిరాణా కొట్టు చీటీలా ఉంది.

'ఊళ్ళు' అనే మాట 'ఊళ్ళ పేర్లు' అన్నప్పుడు 'ఊళ్ళ' అవుతుంది కదా? అలాగే వెనక ఇంకో అంకె ఉంటే లక్షలు 'లక్షల', వేలు 'వేల' అవుతాయి. ఏమీ లేకపోతే 'ఇరవై మూడు లక్షలు' అని ఆగిపోవచ్చు. ఇక కోటి ఒక్కటే కనుక దానికి బహువచనం లేదు. 'అమ్మా నాన్నా' అన్నప్పటి దీర్ఘమే దానికీ వస్తుంది. లక్షా పదివేలు అనడమూ ఇంతే. వెయ్యి దగ్గర మాత్రం పాత 'న్ని' మిగిలింది: చదివింపుల్లో వినిపించే వెయ్యిన్నూటపదహార్లు అదే.

మీవాణ్ణి ఆ సంఖ్యను 9తో హెచ్చవేయమనండి. 11,11,11,111 వస్తుంది: పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. ఇక్కడ 'వంద పదకొండు' అనకూడదు. 'నూటికి నూరు'లో ఉన్న నూటికి ఈ 'నూట' చుట్టమే. 27తో హెచ్చవేస్తే ముప్ఫై మూడు కోట్ల పైచిలుకు వస్తుంది, దేవతల లెక్క!

రెండో ప్రశ్న. వ్యాకరణం ప్రకారం 'భాగింపబడు' సాధువు. 'భాగించబడు' వాడుకలో పాతుకుపోయింది, నేను పట్టించుకోను. నా అభ్యంతరం వేరే. శేషం మిగిలినా మిగలకపోయినా ఏ సంఖ్యనైనా 37తో భాగించవచ్చు. అందుకే పుస్తకాలవాళ్ళు 'నిశ్శేషంగా' అని తగిలిస్తారు. మన ఇళ్ళలో '37 ఎక్కంలో పోతుంది' అంటాం. ఆ 'పోతుంది'లోనే శేషం లేదన్న సంగతి ఉంది. బడిలో 'నిశ్శేషంగా భాగింపబడుతుంది' అని రాయనివ్వండి, ఇంట్లో 'పోతుంది' అననివ్వండి. పోవడం మాట నిజమే: 37ని 333667తో హెచ్చవేస్తే సరిగ్గా ఈ సంఖ్యే. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. అంకెలన్నీ కూడినా 37 రావడం ఇంకో తమాషా.

అన్నట్టు, వరుసలో 8 లేదని అచ్చుతప్పు అనుకునేరు. 72తో హెచ్చవేస్తే తొమ్మిది ఎనిమిదులు వచ్చి నిలబడతాయి. మీవాడు దాన్ని తడుముకోకుండా చదివాడంటే 'ల'కారం వచ్చేసినట్టే.