పట్టికను మూల పట్టుకొని గుంజకు

బిడ్డా,

ఫ్లోరైడ్ మీద నువ్వు రాస్తున్న థీసిస్‌ల పట్టికలన్నీ ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లనే గీసి, గ్రాఫుల పక్కన బొమ్మలుగ పెడుతున్నవని రాత్రి మీ నాయిన ఫోన్ జేసి చెప్పిండు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి నీళ్ల లెక్క మన ఇంటి పిల్ల తీస్తున్నదంటే సంబురమే. దాని వెనకాలనే బుగులు కూడ పట్టుకున్నది. నా బుగులంత ఒక్క చుక్క గురించి, దశాంశ బిందువు గురించి.

తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే నీళ్ల దిక్కు లేకపోతే 1.5 దాక ఒప్పుకోవచ్చని మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెప్తది. ఆ 1.5ల చుక్క మాయమైతే 15. వేరే జిల్లాల అయితే చదివెటోళ్లు అచ్చుతప్పు అనుకుంటరు. నల్లగొండ పేరు పైన ఉంటే నమ్ముతరు.

చిన్నయి ముందుగాల. ఆర్‌ల పట్టికను బొమ్మగ చేసెటి ఫంక్షన్ టేబుల్‌గ్రాబ్. దానికి రోస్ (వరుసల పేర్లు) దగ్గర నల్, అంటే ఏమీ వద్దని ఇయ్యి, పనికిరాని వరుస నంబర్లు పోతయి. పేర్లు ఎడమకు, అంకెలు కుడికి. అంకెలను కుడికి జరిపితే వాటి తలకట్టును, అంటే పైన ఉండే కాలమ్ పేరును కూడ జరుపు, అది తనంతట జరగదు. ఒక కాలమ్‌ల దశాంశాలు ఒక్కతీరుగ ఉండాలె, ఒకతాన 1.5, ఇంకోతాన 1.50 ఉంటే చుక్కలు ఒక వరుసల నిలబడవు.

ఇగ పాత తప్పు. ఎంత చదువుకున్నోళ్లయినా చేసెటిదే. పట్టిక వెడల్పుగ సేవ్ చేసి, వర్డ్‌ల పెట్టినంక మూల పట్టుకొని లోపలికి గుంజుడు. బొమ్మను ఫైలుగ దాచెటి జీజీసేవ్‌కు కొలత ఇయ్యకపోతే తెర మీద ప్లాట్ విండో ఎంతుంటే అంత తీసుకుంటది. అది 14 అంగుళాలు అనుకో, అంటే 355 మిల్లీమీటర్లు. పేజీల నీకున్న జాగ 147. అండ్ల కూర్చోబెట్టెవరకు 10 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకు పడిపోతది. 4 పాయింట్ల చుక్క ఒక జిరాక్స్‌కు కూడ ఆగదు. మూల కాకుంట పక్క పట్టుకొని గుంజితే ఇంకా అన్యాయం, అక్షరాలు నలిగిపోతయి. పైగా ఒక్కో పట్టిక ఒక్కో తీరు కుదించుకపోతది, థీసిస్ అంతట అక్షరం ఒక్క సైజుల ఉండదు.

అది చూసి కంగారుపడి రెండో తప్పు చేస్తరు. వెడల్పులు ఉండే విడ్త్స్‌ల పోయి కాలమ్‌ను చిన్నగ చేస్తరు. టేబుల్‌గ్రాబ్ తయారైనప్పుడే ఒక్కో కాలమ్‌ల అన్నిటికన్న పొడుగు మాటను కొలిచి, దానికి 4 మిల్లీమీటర్ల పాడింగ్ కలిపి వెడల్పు ఖాయం చేస్తది. తర్వాత నువ్వు తగ్గిస్తే మాట మడత పడదు, పక్క గడిలకు పొర్లి అక్కడి అంకె మీద కూర్చుంటది. ఎర్రర్ కూడ రాదు. అందుకే పొడుగు తలకట్లను టేబుల్‌గ్రాబ్‌కు ఇయ్యకముందే స్ట్రింగ్‌ఆర్ ప్యాకేజీల ఎస్‌టీఆర్ ర్యాప్‌తోని రెండు మూడు లైన్లుగ విరుగగొట్టు. అట్లయితే ఎత్తు కూడ అదే పెంచుకుంటది.

కొలత కాగితం దిక్కునుంచి మొదలుపెట్టు. ఏ4 వెడల్పు 210. బైండింగ్‌కు ఎడమ 38, కుడి 25 పోతే 147. మండలం పేరుకు 45 ఇస్తే మిగిలిన ఆరు కాలమ్‌లకు తలా 17 వస్తది. పేరు కాలమ్‌ను మిల్లీమీటర్లల్ల కట్టెయ్, ఆరింటికి నల్ యూనిట్ (మిగిలిన జాగల వాటా) ఒక్కొక్కటి ఇయ్యి, మిగిలిన జాగను అవే సమంగ పంచుకుంటయి. సేవ్ కూడ 147కే, వర్డ్‌ల 100 శాతం మీదనే. గ్రాఫు పక్కన పెడితే మాత్రం అన్నిటికి మిల్లీమీటర్లే ఇచ్చి, మొత్తం ఆ జాగల పడుతదో లేదో ముందే కూడుకో. ఎక్కువైతే చెప్పకుంట ఆ జాగ దాటి పోతది.

ఇంతగనం కసురుకుంటున్ననని మనసు చిన్నబుచ్చుకోకు. పలక మీద స్కేలు లేకుంట గీత కొట్టి, వంకరొస్తే మీ నానమ్మ కొంగుతోని తుడిచి మళ్ల కొట్టేదానివి. ఆ ఓపిక నీకింకా ఉన్నదని తెలిసే రాస్తున్న.

వరుసల ఎత్తు కాడ తెలుగు మోసం చేస్తది. ఆర్‌ల బొమ్మలు గీసెటి గ్రిడ్ ప్యాకేజీ అక్షరం ఎత్తును అడుగుగీతకు పైన ఉన్నంతవరకే కొలుస్తది. మర్రిగూడల ర వత్తు, నాంపల్లిల ల వత్తు దాని లెక్కల లేవు, కిందికి దిగి గీతను తాకుతయి. 10 పాయింట్ల తెలుగుకు వరుస 7 మిల్లీమీటర్లు ఉంచు, తలకట్టుకు 12. అట్లయితే పేజీకి 30 వరుసలు పడుతయి. 31వది వస్తే రెండో పేజీకి పంపు, కుదించకు. పీడీఎఫ్‌గ సేవ్ చేస్తే ఆర్‌ల మామూలు పీడీఎఫ్‌ల తెలుగు చుక్కలు చుక్కలుగ వస్తది, కైరో పీడీఎఫ్ వాడు.

మొదటి పట్టిక ఒక్కటి ప్రింట్ తీసి స్కేలు పెట్టి చూడు. 147 రాకపోతే ప్రింటర్‌ల ఫిట్ టు పేజ్ టిక్ పెట్టి ఉంటది, తీసెయ్. ఆ కాగితాన్ని ఒక జిరాక్స్ కొట్టించి, ఆ జిరాక్స్‌ను మీ నాయినతోని పంపియ్యి. అద్దాలు పెట్టుకోకుంట చదువుత.

మీ పెద్దనాయిన