మొదటి మంచు పడేలోపు పెరటి పంట సర్దుకోవడం ఎలా?

అమ్మాయ్, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు తీసుకున్న మొదటి వేసవిలోనే గోంగూర, దోసకాయలు, పచ్చిమిర్చి పండించావంటే చాలా సంతోషం. ఇదంతా దాచడానికి గరాజ్‌లో పెద్ద ఫ్రీజర్ కొనమంటారా అని అడిగావు. వద్దు, ఈ ఏడాది ఏమీ కొనకు.

మేం వచ్చిన కొత్తలో పంట చూసి చేయి ఆగలేదు. డీప్ ఫ్రీజర్, కూరగాయలు ఎండబెట్టే మెషిన్, డజన్లకొద్దీ గాజు సీసాలు కొనేశాం. గోంగూర కడిగి, నీళ్లు కారుతుండగానే కవర్లలో కుక్కి ఫ్రీజర్‌లో పెట్టాను. సంక్రాంతికి తీస్తే ఆకు నల్లబడి, మంచుగడ్డకు అతుక్కుపోయి ఉంది. పప్పులో వేస్తే గడ్డివాసన. దోసకాయ ముక్కలకు ఉప్పు రాసి, వరుగులు చేద్దామని డెక్ మీద ఆరబెట్టాను. గుంటూరు మే ఎండలో అయితే గలగలలాడేవి. ఇక్కడి అక్టోబర్ ఎండ కంటికి కనిపిస్తుంది గానీ ఒంటికి తగలదు, వారం తిరక్కుండా బూజు పట్టింది. బయట ఎండాలంటే కనీసం 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, 60 శాతం లోపు తేమ ఉండాలట. లెక్క చూసుకుంటే పెరటి గోంగూర స్టోర్లో కొన్నదానికంటే ఖరీదు పడింది!

ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్‌కున్న ఫ్రీజర్ ఒక్కటే, చలికాలమంతా సరిపోతోంది. గోంగూరను కాస్త నూనెలో మగ్గబెట్టి, చల్లారాక ఒక పప్పుకు సరిపడా చొప్పున జిప్ కవర్లలో పలచగా పరిచి పెడతాను. బుట్టెడు ఆకు గుప్పెడవుతుంది. పచ్చిమిర్చికి ఆ శ్రమ కూడా లేదు, కడిగి తడి లేకుండా తుడిచి అలాగే పెట్టెయ్. మన వైపు అక్టోబర్ రెండో సగంలో మొక్కల్ని మాడ్చే మంచు (ఫ్రాస్ట్) పడుతుంది. ఆలోపే పచ్చి టమాటాలు కోసి, ఒక్కోదాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇంట్లో పెట్టు. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్నచోట పండవు కనుక గరాజ్ పనికిరాదు. గుమ్మడికాయను తొడిమతోనే కోసి బేస్‌మెంట్‌లో పెడితే నిలవ ఉంటుంది. సొరకాయ ఉండదు, తురిమి ఫ్రీజ్ చేసుకో.

సీసాల్లో నిలవ చేసే నియమాలు నేషనల్ సెంటర్ ఫర్ హోమ్ ఫుడ్ ప్రిజర్వేషన్ వెబ్‌సైట్లో ఉన్నాయి, చదువుకో. టమాటాలకైతే క్వార్ట్ (దాదాపు లీటరు) సీసాకి 2 టేబుల్ స్పూన్లు, కొట్లో సీసాలో అమ్మే నిమ్మరసం కలపాలి. చిక్కుళ్లు, బీన్స్ లాంటివి మన కుక్కర్‌లో ఉడికించి సీసాల్లో బిగించకు, బొటులిజం (ప్రాణాంతకమైన ఆహార విషం) ప్రమాదం. వెల్లుల్లి, నూనె ఉన్న రోటి పచ్చడి కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి. "మా అమ్మ జాడీలో పెట్టేది" అంటారు గానీ, ఆవిడ ఉప్పు కొలతలు వేరు. ఇక్కడ ఎమర్జెన్సీకి ఒకసారి వెళ్తే వచ్చే బిల్లు ఎన్ని పంటలు పండించినా పూడదు.

చివరగా విత్తనాల ఖర్చు. పక్కన కర్బూజా వేస్తే పుప్పొడి కలిసి గింజ మారిపోతుంది, వేయకపోయుంటే ఒక దోసకాయను బాగా పండనిచ్చి గింజలు దాచుకో. గోంగూర మాత్రం ఇక్కడ చలికి ముందు గింజ కట్టదు, ప్యాకెట్ కొనాల్సిందే. ముగ్గురు నలుగురు కలిసి ఒకటి కొని పంచుకోండి.