అర్థం తెలుసు, వాక్యమే తప్పుతోంది

ప్రశ్న: జీఆర్‌ఈ కోసం రోజూ 30 ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నాను. ‘మిటిగేట్’ అంటే తగ్గించడం అని చదివి, ‘ద షాప్‌కీపర్ మిటిగేటెడ్ ద ప్రైస్’ అని రాస్తే తప్పన్నారు. ఎందుకండీ?
– డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

జవాబు: చిక్కంతా ఆ ‘తగ్గించడం’ దగ్గరే ఉందమ్మా. మనం ధరనీ తగ్గిస్తాం, మంటనీ తగ్గిస్తాం, నొప్పినీ తగ్గిస్తాం. ఇంగ్లిష్‌లో అన్నిటికీ ఒకే క్రియ నప్పదు. ధరకి ‘రెడ్యూస్’ చాలు. నొప్పికి ‘అలీవియేట్’ బాగుంటుంది. ‘మిటిగేట్’ నష్టం, ముప్పు, దుష్ప్రభావం లాంటి మాటల పక్కన కుదురుతుంది: ‘ట్రీస్ మిటిగేట్ ది ఎఫెక్ట్స్ ఆఫ్ హీట్’. దాని వెనక ‘అగైనెస్ట్’ తగిలించకండి, అది ‘అడ్డుపడటం’ అనే అర్థమున్న ‘మిలిటేట్’కి వచ్చేది. ఈ రెంటినీ ఇంగ్లిష్ వాళ్లే కలిపేస్తుంటారు లెండి.

రోజుకి 8 పదాలు చాలు. తెలుగు అర్థం ఒక్కటే రాసి వదిలేయొద్దు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన లెర్నర్స్ డిక్షనరీ తెరిచి, ఉదాహరణల్లో ఆ పదం పక్కన కనిపించిన నామవాచకాలు మూడు, ప్రిపొజిషన్ ఉంటే అదీ నోట్‌బుక్‌లో ఎక్కించండి. వాటిలో ఒకదానితో సొంత వాక్యం రాయండి. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత పేజీ మూసి మళ్లీ కొత్త వాక్యం రాయాలి. పాతదే అప్పజెబితే లెక్కలోకి రాదు.