ఆటో రాస్తే ఫిక్స్‌డ్ అంటగట్టారు, సీప్యాప్ మిషన్ మార్చి ఇమ్మని అడగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే స్లీప్ స్టడీ చేయించాం. డాక్టర్ ‘ఆటో సీప్యాప్, ప్రెజర్ 6–14’ అని రాశారు. సీప్యాప్ అంటే నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్, ఆటో అయితే ఆ ఒత్తిడిని అవసరాన్ని బట్టి తానే మార్చుకుంటుందట. ఆ చీటీ చూపించి హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర 42,000 రూపాయలకు మిషన్ కొన్నాం. బిల్లు నా పేరు మీద ఉంది. రెండు నెలలు వాడినా పగటి మత్తు తగ్గలేదు. మళ్లీ చూపిస్తే, ఇది ఎప్పుడూ ఒకే ఒత్తిడితో నడిచే ఫిక్స్‌డ్ ప్రెజర్ మిషన్, మార్చాలి అన్నారు. డీలర్‌ని అడిగితే ‘వాడింది వెనక్కి తీసుకోం, బిల్లు మీదే రాసి ఉంది. ఇంకో 15,000 కడితే సెకండ్ హ్యాండ్ ఆటో మిషన్ ఇస్తాం’ అంటున్నాడు. వేరే మిషన్ ఇప్పించమని కేసు వేయొచ్చా? హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఏమైనా వస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కేసు వేయొచ్చు. అయితే వేరే మిషన్ ఇప్పించమని కాదు, కట్టిన డబ్బు వడ్డీతో వాపసు ఇప్పించమని వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 39 ప్రకారం వినియోగదారుల కమిషన్ లోపాన్ని సరిచేయమనవచ్చు, అలాంటిదే లోపం లేని కొత్త వస్తువు ఇమ్మనవచ్చు, లేదా ధర వెనక్కి ఇమ్మనవచ్చు. నష్టపరిహారం దీనికి అదనం. ఈ ఫిక్స్‌డ్ మిషన్ పోయి ఇంకో కొత్త ఫిక్స్‌డ్ మిషన్ వస్తే మీకు ఒరిగేదేమీ లేదు. డబ్బు చేతికొస్తే డాక్టర్ చెప్పిన మిషన్ మీకు నచ్చిన చోట కొనుక్కుంటారు.

డీలర్ తరఫు లాయరు ముందుగా ఎత్తే మాట ‘మిషన్ బాగానే పనిచేస్తోంది కదా, లోపం ఎక్కడుంది’ అని. చట్టంలో లోపం అంటే చెడిపోవడం ఒక్కటే కాదు. ఒప్పుకున్న ప్రమాణానికి తగ్గినా, అమ్మేవాడు చెప్పినదానికి తగ్గినా లోపమే. పైగా మీరు చీటీ చూపించి, అతని మాట నమ్మి కొన్నారు. అలా అవసరం చెప్పి కొన్నప్పుడు వస్తువు ఆ అవసరానికి పనికొచ్చేదిగా ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం, సెక్షన్ 16 కూడా చెబుతోంది. ఇక బిల్లు మీద ‘వెనక్కి తీసుకోబడదు’ అని అచ్చు వేయించుకున్నంత మాత్రాన బాధ్యత తప్పదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనంటే అదే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది.

ఒకటి మాత్రం తేల్చుకోండి. మొదట రాసిన చీటీలో నిజంగా ‘ఆటో’ అనే ఉందా? అది వట్టి ‘సీప్యాప్’ అయి, ఇప్పుడు పరిస్థితి మారి డాక్టర్ ఆటోనో, బైప్యాపో (ఊపిరి పీల్చేటప్పుడు ఒక ఒత్తిడి, వదిలేటప్పుడు ఒక ఒత్తిడి ఇచ్చే మిషన్) రాస్తే అందులో డీలర్ తప్పు లేదు, అప్పుడు ఎక్స్‌ఛేంజ్ అనేది బేరం వ్యవహారమే. అలాగే గాలి లీకవుతోందనే ఫిర్యాదు కూడా ఉంటే, అది చాలాసార్లు మాస్కు సైజు దగ్గరే తేలిపోతుంది, దాన్ని ఈ కేసులో కలపకండి.

చీటీలో ఆటో అని ఉంటే మీ కేసు గట్టిదే. దాన్ని నిలబెట్టే సాక్ష్యం చాలావరకు మిషన్ దగ్గరే ఉంది. అడుగున ఉన్న స్టిక్కర్‌ను, అందులోని మోడల్, సీరియల్ నంబర్లు కనపడేలా ఫొటో తీయండి. బిల్లులో ‘సీప్యాప్ మిషన్–1’ అని మాత్రమే రాసి వదిలేసే డీలర్లు ఎక్కువ. ఆ నంబరే ఆటోనా ఫిక్స్‌డా తేల్చేస్తుంది కాబట్టి ల్యాబ్ పరీక్షల దాకా పోనక్కర్లేదు. చాలా మిషన్ల మెనూలో మొత్తం ఎన్ని గంటలు నడిచిందో కూడా కనిపిస్తుంది. రెండు నెలలు రోజుకు ఏడు గంటలు వాడితే నాలుగు వందల పైచిలుకు రావాలి. అక్కడ రెండు వేలు ఉంటే మీకు కొత్తదని అమ్మింది ఎవరో వాడి ఇచ్చిన ట్రయల్ మిషన్! ఎస్‌డీ కార్డు ఉంటే అందులో రాత్రివారీ రికార్డు ఉంటుంది, కాపీ చేసుకోండి. ఇవన్నీ అయ్యేదాకా ‘సర్వీసుకు పెట్టి వెళ్లండి’ అంటే మిషన్ చేతికివ్వకండి. ఇవ్వాల్సి వస్తే సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. కొన్నప్పటి వాట్సాప్ మెసేజులు కూడా చెరిపేయకండి. ‘ఇది కూడా అదే పని చేస్తుంది సార్’ లాంటి మెసేజ్ ఒక్కటి దొరికినా కేసు సగం తేలినట్టే. డాక్టర్ దగ్గర, తాను రాసింది ఏమిటి, ఇచ్చింది ఏమిటి అని రెండు వాక్యాల లెటర్ తీసుకోండి.

తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే కొందరు అక్కడే దిగొస్తారు. దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. డీలర్ హైదరాబాద్‌లో ఉన్నా మీరు నివసించే కరీంనగర్‌లోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. బిల్లు మీ పేరున, వాడేది నాన్నగారు అన్నది అడ్డంకి కాదు, కొన్నవారి అనుమతితో వాడేవారూ వినియోగదారులే.

ల్యాబ్ పరీక్ష అక్కర్లేని కేసును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా నాన్నగారిని చికిత్స లేకుండా ఉంచకండి. డాక్టర్‌ని అడిగి సరైన మిషన్ అద్దెకో, కొనుగోలుకో తీసుకోండి. దానివల్ల హక్కు పోదు, అద్దె రసీదులు పరిహారం లెక్కలో చూపించొచ్చు. ఆ సెకండ్ హ్యాండ్ బేరానికి మాత్రం ఒప్పుకోకండి. ‘సెటిల్ అయింది’ అని సంతకం పెట్టించుకుంటే కేసు చాలా బలహీనపడుతుంది. పైగా పాత మిషన్లలో వేరే చిక్కు ఉంది. శబ్దం తగ్గించే ఫోమ్ పొడిగా రాలి గాలితో లోపలికి పోవచ్చని ఫిలిప్స్ రెస్పిరానిక్స్ 2021 జూన్‌లో డ్రీమ్‌స్టేషన్ సహా పలు మోడళ్లను వెనక్కి పిలిచింది. మీకు అంటగట్టేది అందులోదో కాదో ఎవరు చూశారు?

ఇన్సూరెన్స్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఇంట్లో వాడే సీప్యాప్‌ను చాలా పాలసీలు పేరు పెట్టి మరీ మినహాయింపుల్లో చేర్చాయి. మీ పాలసీ పత్రంలో ఆ మాట లేకుండానే క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఏడాదిలోగా రాయొచ్చు. అక్కడా ఫీజు లేదు.