బావ కీబోర్డు అమ్మే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య దీవెనలు.

మా బావ, అదే మీ నాన్న, వాయించిన రోలాండ్ ఎక్స్‌పీ-80 కీబోర్డుని షాపువాడు కారుచౌకగా అడిగాడనీ, అమ్మేయమంటారా అనీ రాశావు. అమ్మకం సంగతి తర్వాత. ముందు అందులో బావ దాచిపెట్టింది బయటికి తియ్యి.

అది 1996 నాటి మోడల్. సొంతంగా కూర్చుకున్న టోన్లు, అంటే ప్యాచ్‌లు, 128 దాకా పడతాయి. కరెంటు తీసేసినా అవి పోకుండా కాపాడేది లోపలున్న బటన్ సెల్లు, సీఆర్2032. 'బ్యాటరీ లో' అని తెరమీద కనపడగానే సెల్లు మార్చెయ్యాలనిపిస్తుంది. నేనూ నా పాత కీబోర్డుకి అలాగే మార్చాను. పెళ్లి కచేరీల కోసం పదేళ్లు చెక్కుకున్న సన్నాయి టోన్లన్నీ ఎగిరిపోయాయి. రీసెట్ కొడితే కంపెనీవి తిరిగొచ్చాయి, నావి రాలేదు. ఆ రాత్రి అన్నం మానేశానని మీ అత్తయ్య ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

కాబట్టి మొదట ఫ్లాపీలోకి సేవ్ చెయ్యి. తర్వాత కీబోర్డునీ కంప్యూటర్‌నీ కలిపే మిడి కేబుల్‌తో బల్క్ డంప్ తీసుకో, అంటే ప్యాచ్‌లన్నీ ఒకేసారి కంప్యూటర్‌లోకి పంపు. మరీ చవక యూఎస్‌బీ మిడి కేబుల్ కొనకు, పొడుగు డేటా వచ్చేసరికి మధ్యలో మింగేస్తుంది. బావ పాత ఫ్లాపీలు కూడా వెతుకు. కీబోర్డులోనే పాట రికార్డు చేసుకునే సీక్వెన్సర్‌లో కట్టిన పాట స్విచ్ ఆపితే పోతుంది, కాబట్టి ఆయన పాటలేమైనా మిగిలి ఉంటే ఆ డబ్బాలోనే ఉంటాయి. బూజు పట్టినవి డ్రైవ్‌లో దూర్చకు, హెడ్ పాడవుతుంది.

ఇంకొకటి. బయటి దేశం నుంచి తెచ్చిన పీసు కావచ్చు. వెనక వోల్టేజీ చూడకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకు. 117 అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

కీల కింద ఎర్రటి జిగురు కారుతుంటే కంగారుపడకు, ఆ తరం రోలాండ్‌లకి తెలిసిన జబ్బే. బాగుచెయ్యడం మాత్రం ఓపిక పని, కీలన్నీ ఊడదీసి కడగాలి.

టోన్లు పాతబడ్డాయంటావా? నిజమే, పియానో నేటి చెవికి ఆనదు. స్ట్రింగ్స్, వెనకాల మెత్తగా పరుచుకునే ప్యాడ్స్ మాత్రం ఇప్పటికీ నాకు ముద్దే. పైగా 76 కీలు, ఆఫ్టర్‌టచ్‌తో సహా, అంటే నొక్కిన కీని ఇంకా అదిమితే స్వరం మారుతుంది. ల్యాప్‌టాప్‌లో కొత్త టోన్లు పెట్టుకుని, దీన్ని మిడితో తగిలించి వాయించు. షాపువాడిచ్చే డబ్బుకి అలాంటి కీబెడ్, అంటే కీల వరస, నీకు కొత్తది రాదు.

ఆదివారం ఆ ఫ్లాపీ డబ్బా పట్టుకుని రా. నా దగ్గర పనిచేసే డ్రైవ్ ఒకటుంది.

మీ మామయ్య